లెక్కల్లో ఆరిన పొయ్యి

కట్టెల పొయ్యికి కాలం చెల్లిందని మన నాయకులు వేదికలెక్కి చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. పాపం, ఆ సంగతి పొయ్యికే ఇంకా చేరలేదు. చిత్తూరు జిల్లాలో ఏదైనా పల్లెకు తెల్లవారుజామున వెళ్లి చూడండి. ఇంటి వెనక మూడు రాళ్ల మీద నీళ్ల అండా, దాని కింద ఎండిన మామిడి కొమ్మలు, టెంకాయ మట్ట, గుప్పెడు చెనిక్కాయ పొట్టు. వంటింట్లో మాత్రం ఎర్ర సిలిండరు పాత చీర ముక్క కప్పుకుని, చుట్టాలొస్తే తప్ప లేవని పెద్దమనిషిలా కూర్చుని ఉంటుంది. "గ్యాసు అన్నానికే సరి నాయనా, నీళ్లకు యాడ చాలుతుంది?" అంటుంది అవ్వ. జనాభా లెక్కల ఫారం మాత్రం వంటకు ముఖ్యంగా ఏం వాడతారనే అడుగుతుంది. స్నానాల నీళ్ల ఊసెత్తదు. సిలిండరు కనిపించిందా, పొగ పోయినట్టే.

వేడికి సర్కారు సొమ్మివ్వడం మన దగ్గరే కాదు: ఇంగ్లండులో ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంపుకు సర్కారు 7,500 పౌండ్ల దాకా ఇస్తుంది. మనకు ఇల్లు వెచ్చబెట్టే పని మే నెల ఊరికే చేసిపెడుతుంది. మనకు కావలసిన వేడి రెండు చోట్లే: అన్నం గిన్నె కింద, నీళ్ల అండా కింద. మొదటిదాని మీద మన సర్కార్లు నలభై ఏళ్లుగా డబ్బు పోస్తూనే ఉన్నాయి. 1983లో పొగరాని పొయ్యిలొచ్చాయి. గొట్టంలో మసి పేరుకుంటే తీసేదెవరో చెప్పలేదు. 2002కల్లా ఆ కార్యక్రమమే ముగిసింది. 1999లో మా కుప్పం ఎమ్మెల్యే చంద్రబాబు ముఖ్యమంత్రి హోదాలో డ్వాక్రా అక్కలకు 'దీపం' పేరుతో గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. కనెక్షన్ డిపాజిట్ సర్కారుది, నెలనెలా గ్యాసు ఖర్చు అక్కలది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం వచ్చింది. డిపాజిట్ మళ్లీ సర్కారే కట్టింది. స్టవ్వు, మొదటి సిలిండరు అప్పుగా ఇచ్చి, రావలసిన సబ్సిడీలోంచి ఆ అప్పు కోసుకున్నారు. ఏనుగును కొనిచ్చి మేత మీరే చూసుకోండన్నట్టు.

2024 నవంబరు 1న మొదలైన దీపం-2 కనీసం మేత సంగతి గుర్తుపెట్టుకుంది. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. మంచిదే, మెచ్చుకోవాల్సిందే. కాకపోతే ఆ ఉచితానికి ముందు డబ్బు మనం కట్టాలని, తర్వాత ఖాతాలో పడుతుందని మొదట్లో అన్నారు. చేతిలో ఎనిమిది తొమ్మిది వందలు లేని ఇంటికే కదా ఉచితం కావాల్సింది! పైగా నలుగురైదుగురున్న ఇంట్లో సిలిండరు నెల, మహా అయితే నెలన్నర వస్తుంది. మూడూ కలిపి నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలకు చెనిక్కాయ పొట్టు ఉండనే ఉంది. దానికి ఆధార్ అక్కర్లేదు, ఓటీపీ రాదు.

నీళ్ల అండా కథ ఇంకా విచిత్రం. మిద్దె మీది సోలార్ హీటరుకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ 2014లో ఆగిపోయింది. పదేళ్లకు సూర్యఘర్ పథకం వచ్చింది: కరెంటు చేసే 3 కిలోవాట్ల సోలార్ పలకలకు 78,000 రూపాయల సబ్సిడీ. కుప్పం దగ్గర నడిమూరులో ఇళ్ల కప్పులన్నీ మెరుస్తున్నాయి, సంతోషం. అయితే ఎండలో ఐదో వంతు పట్టుకుని కరెంటు చేసి, ఆ కరెంటుతో బకెట్లో రాడ్డు పెట్టి నీళ్లు కాచుకోవడమేమిటి? సగానికి సగం ఎండను నేరుగా నీళ్లలోకి దించే హీటరుకు చిల్లిగవ్వ లేకపోవడమేమిటి? తిరుమలలో 2002లోనే 106 అద్దాల గొడుగులు పెట్టి, ఎండతో ఆవిరి పుట్టించి వేలమంది భక్తులకు అన్నం వండారు. ఆ తెలివి కొండ దిగి రావడానికి ఏ మెట్టు దగ్గర అలిసిపోయిందో!

సొంత డబ్బుతో హీటరు పెట్టుకున్నవాళ్ల పాట్లు వేరు. మా బోరు నీళ్లలో ఉప్పు జాస్తి. నాలుగేళ్లు తిరక్కముందే గొట్టాల లోపల సున్నం గట్టిపడి, నీళ్లు గోరువెచ్చగా మాత్రమే వస్తాయి. యాసిడ్ పోసి కడిగే మెకానిక్ కోసం పల్లె నుంచి మదనపల్లెకో తిరుపతికో ఫోన్లు చేయాలి. ఒక హీటరుకు అతను రాడు. పది ఇళ్లు జమ చేసుకోమంటాడు. ఆ పది ఇళ్లను జమ చేసే పని మండలానికొక కుర్రాడికి అప్పగించి జీతమివ్వడానికి పెద్ద ఖర్చేం కాదు. కానీ సున్నం కడిగే చోట శిలాఫలకం ఎక్కడ పెడతారు?