బొగ్గు దొరవారి రైలు

కొత్తగూడెంలో అందరికన్నా పెద్దమనిషి ఎవరని అడిగితే ఎమ్మెల్యే పేరో, సింగరేణి బొగ్గు కంపెనీ డైరెక్టరు పేరో చెప్పేవాడు ఊరికి కొత్త. ఇక్కడ పెద్దమనిషి బొగ్గు దొరవారు. ఆయన టికెట్టు కొనరు. వెయిటింగ్ లిస్టు మొహం ఎన్నడూ చూడలేదు. ఆయన బండి వస్తోందంటే ప్యాసింజరు బండి లూప్ లైన్లోకి తప్పుకుని చేతులు కట్టుకుని నిలబడుతుంది. కారేపల్లి దగ్గర అట్లా నిలబడిపోయిన పెట్టెలో ఉక్కకు పసిపిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే, తల్లి కిటికీలోంచి వ్యాగన్లు చూపిస్తూ లెక్క నేర్పిస్తుంది. ఒక్క రేక్ దాటేసరికి బిడ్డకు యాభై దాటి అంకెలు వచ్చేస్తాయి. అంగన్‌వాడీ పని రైల్వేశాఖ ఇంత శ్రద్ధగా చేస్తోందని స్త్రీ శిశు సంక్షేమ శాఖకు తెలియదు పాపం.

ఈ మర్యాదలు నిన్నమొన్నటివి కావు. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర నేలలో బొగ్గుందని కనిపెట్టాడు. భద్రాచలం పోయే యాత్రికులు మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకుంటుంటే రాళ్లే అంటుకున్నాయని మన పెద్దలు చెప్పే కథ ఒకటుంది. ఆ వండుకున్నవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. దొర చూస్తేనే కదా కనిపెట్టినట్టు! ఆ తర్వాత లండన్‌లో రెండు కంపెనీలు లేచాయి. ఒకటి పట్టాలేసేది, రెండోది గని తవ్వేది. మొదటిది నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. గ్యారంటీ ప్రయాణికుడికి అనుకునేరు. లండన్‌లో కూర్చుని పెట్టుబడి పెట్టినవాళ్లకు. ఏటా అయిదు శాతం, ఇరవై ఏళ్లపాటు, నిజాం ఖజానా నుంచి. బండి నడిచినా నడవకపోయినా వడ్డీ నడవాలి.

రెండోదాని కథ ఇంకా రుచిగా ఉంటుంది. 1886లో హైదరాబాద్ (డెక్కన్) కంపెనీకి గనుల హక్కులు దక్కాయి. ఇచ్చింది నిజాం సర్కారు. కొన్నాళ్లకు అదే కంపెనీ వాటాలను లండన్‌లో డబ్బు పోసి కొన్నది కూడా నిజాం సర్కారే, పది పౌన్ల వాటాను పన్నెండు పౌన్లు పెట్టి. అమ్మకం వెనక ఉన్నది సాక్షాత్తు ఆ సర్కారు పెద్ద ఉద్యోగి, రైల్వే ఒప్పందంలోనూ చక్రం తిప్పిన సర్దార్ అబ్దుల్ హక్. మన బర్రెను మనమే తోలిచ్చి, దాని తోకను డబ్బిచ్చి కొనుక్కున్నట్టయింది. గోల ముదిరి 1888లో బ్రిటిష్ కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ వేసి మరీ విచారించింది. హక్ గారి పదవి ఊడింది. ఇల్లందులో గని తవ్వకం మొదలైందేమో 1889లో. అంటే, సింగరేణిలో బొగ్గుకన్నా ముందు బయటపడింది కుంభకోణం. పారిశ్రామిక వారసత్వం, పారిశ్రామిక వారసత్వం అని ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఈ ఒక్కదాని జోలికి రారెందుకో. బేరానికి వెళ్లినవాడే అమ్మకానికి నిలబడే ఆ విద్య మాత్రం ఈ దేశంలో ఏ పురావస్తు శాఖ సాయమూ లేకుండానే చెక్కుచెదరకుండా నిలిచింది.

స్టేషన్ సంగతి చూద్దాం. కొత్తగూడెం నడిబొడ్డున ఉన్న స్టేషన్‌కు కొత్తగూడెం పేరు లేదు. పసుపు బోర్డు మీద మూడు భాషల్లో ‘భద్రాచలం రోడ్’ అని ఉంటుంది. ఎక్కడి నుంచో వచ్చిన భక్తుడు సంచీ భుజానికెత్తుకుని బండి దిగి, గోపురం కోసం నాలుగు దిక్కులా చూస్తాడు.

“గుడి ఇక్కడ కాదు సార్, ఇంకా నలభై కిలోమీటర్లు. గోదావరి దాటాలె,” అంటాడు ఆటో అన్న.

“మరి బోర్డు మీద...?”

“రోడ్డు అనే కద సార్ రాసిండ్రు. రోడ్డే. ఎక్కుండ్రి.”

అంత నిజాయితీ గల బోర్డు మరో స్టేషన్లో కనబడదు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా 173 కిలోమీటర్ల లైనుకు ఆమోదం తెలిపింది. రాములవారి దగ్గరికి నిజంగానే రైలు వచ్చిననాడు ఈ బోర్డు ఏ రోడ్డున పడుతుందో చూడాలి. ఈలోగా అమృత్ భారత్ పథకం కింద స్టేషన్‌కు ముస్తాబు జరుగుతోంది. ముస్తాబయ్యాక అయినా ఎవరైనా ఊరి పేరు అడిగితే బాగుండు.

అదే 2024 ఆగస్టులో, 5వ తేదీన, కొత్తగూడెం పక్కనున్న పాల్వంచలో పాత కేటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ మందుపెట్టి పేల్చేశారు. ఒక్కొక్కటి వంద మీటర్లు దాటిన ఎత్తు. చుట్టుపక్కల ఊళ్లకు అవే దారి గుర్తు. జనం సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుని చూస్తుండగానే కుప్పకూలాయి. ఆ కేంద్రాన్ని మూసినందుకు ఎవరికీ బాధ లేదు. అరవై, డెబ్బైల నాటి యూనిట్లు, వయసైపోయింది. కరెంటు ఊరూరికీ పోయింది, బూడిద పాల్వంచకు మిగిలింది. ఆరేసిన బట్టలు దులుపుకుని దులుపుకుని అలిసిపోయిన ఇల్లాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారని ఎవరూ అనుకోలేదు. కానీ ఎనిమిదిలో ఒక్కటంటే ఒక్కటి నిలబెట్టి, కింద నాలుగు బొమ్మలు పెట్టి, మీ తాతలు ఇక్కడ పనిచేశారని పిల్లలకు చూపిద్దామంటే? అబ్బే, తుక్కుకు టన్నుకింతని రేటుంది, తాతలకు లేదు.

లండన్‌లో బాటర్‌సీ బొగ్గు విద్యుత్ కేంద్రం 1983లో మూతపడింది. దాని నాలుగు పొగగొట్టాలు పాడైపోతే దించేసి, మళ్లీ అచ్చంగా అలాంటివే కట్టారు. 2022లో తలుపులు తెరిచి లోపల చొక్కాలు, సెంట్లు అమ్ముకుంటున్నారు. ఇంగ్లండ్ వాళ్లను చూసి మరీ మురిసిపోనక్కర్లేదు, డిడ్‌కాట్‌లో టవర్లను వాళ్లూ పేల్చారు. దుకాణం పెట్టే వీలుంటే వారసత్వం, లేకపోతే తుక్కు. మనవాళ్లకు ఆ దుకాణం ఆలోచన కూడా రాలేదు. ఇక తట్టా, చెమ్మాస్ పారతో బొగ్గెత్తిన కోల్ ఫిల్లర్ల సంగతి. తొంభైల మొదట్లో సింగరేణిలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కల. దిగిపోయినవాళ్లు బొగ్గుబాయి చరిత్రను ఊపిరితిత్తుల్లోనే భద్రపరుచుకున్నారు. మ్యూజియం ఖర్చు మిగిలింది.

యార్క్ నగరంలో 1975 నుంచి జాతీయ రైల్వే మ్యూజియం ఉంది. మాంచెస్టర్‌లో 1830 నాటి లివర్‌పూల్ రోడ్ స్టేషన్‌నే మ్యూజియం చేశారు. సెలవుల్లో పోయొచ్చిన మన ఎన్నారై బిడ్డలు అక్కడ ఆవిరి ఇంజన్ పక్కన దిగిన ఫొటోలు పంపుతుంటారు. సంతోషం. ఆ ఇంజన్ల చరిత్రలో ఒక్క ముక్క మాత్రం మన రైల్వే అధికారులు చదివితే చాలు. 1825 సెప్టెంబరు 27న ఇంగ్లండ్‌లో మొదలైన స్టాక్టన్–డార్లింగ్టన్ లైను ముఖ్యంగా బొగ్గు కోసం వేసిందే. మొదటి రోజే జనం వందల్లో వచ్చి బొగ్గు పెట్టెలెక్కి కూర్చున్నారు. కంపెనీవాళ్లు వాళ్లను మెడపట్టి దించలేదు. ఆ తర్వాత నెలలోనే ఆ పట్టాల మీద గుర్రాన్ని కట్టి మరీ ప్రయాణికుల పెట్టె నడిపి చార్జీ వసూలు చేసుకున్నారు. 2025లో ఆ ముచ్చటకు రెండు వందల ఏళ్ల పండుగ కూడా చేసుకున్నారు.

ఇప్పుడు మన భద్రాచలం రోడ్–సత్తుపల్లి లైను. 54 కిలోమీటర్లు. ఖర్చులో పెద్ద వాటా సింగరేణిది, అంటే బాయిలో దిగినవాడి చెమటది. 2022 నవంబరు 12న ప్రధానమంత్రి రామగుండం వచ్చి దాన్ని జాతికి అంకితం చేశారు. సత్తుపల్లి ఓపెన్ కాస్టు బొగ్గు అంతకుముందు లారీల మీద వచ్చేది. దుమ్ము, గుంతలు, రోడ్డు మీద ప్రాణాలు. ఆ లారీలు తగ్గినందుకు రెండు చేతులా దండం. అయితే జాతికి అంకితమైన ఆ లైను మీద ఇది రాసేనాటికి జాతి ఎక్కే బండి ఒక్కటీ లేదు. బొగ్గు మాత్రమే జాతి అని మనకెవరూ ముందు చెప్పలేదు.

ఎందుకు లేదంటే, ఎక్కేవాళ్లు ఉండరంటారు. లేని బండిని ఎవరూ ఎక్కడం లేదు కనుక బండి అక్కర్లేదన్న ఈ తర్కం ముందు కణాదుడు కూడా పలక పట్టుకుని కూర్చోవాలి. సత్తుపల్లి నుంచి కొత్తగూడెం కాలేజీకీ, కోర్టుకూ, ఆస్పత్రికీ వచ్చేవాళ్లంతా బస్సులో ఒంటికాలి మీద నిలబడి వస్తున్నారు. వాళ్లను లెక్కపెట్టడానికి ఏ సర్వే ఏజెన్సీ అక్కర్లేదు, పొద్దున బస్టాండుకొస్తే చాలు. పైగా మనకు గుర్రం దాణా ఖర్చు కూడా లేదు.

ఖమ్మం, మహబూబాబాద్ ఎంపీలకూ, ఖమ్మం, కొత్తగూడెం జిల్లాల ఎమ్మెల్యేలకూ మనవి: ఈసారి సికింద్రాబాద్‌లో రైల్వే జనరల్ మేనేజర్‌ను కలవబోయేటప్పుడు శాలువా, బొకేతోపాటు ఒక కాగితం పట్టుకెళ్లండి. అందులో ఒకటే వాక్యం రాయండి: సత్తుపల్లి లైను మీద పొద్దునొకటి, సాయంత్రమొకటి ప్యాసింజరు బండి వేయండి. సంతకం చేయించుకోకుండా శాలువా కప్పకండి.