కౌన్సెలింగు మామయ్య

ప్రతి యూరికి ఒక పురోహితుడును ఒక ఆర్‌ఎంపీ వైద్యుడును ఉన్నట్లే, భద్రాచలమున నెట్ సెంటరున్న ప్రతి వీధికి ఒక కౌన్సెలింగు మామయ్య కలడు. ఆయన చదివినది వృక్షశాస్త్రము, కొలువు చేసినది రెవెన్యూలో, ఇప్పుడు చేయుచున్నది పరోపకారము. గోదావరి 43 అడుగులకు మొదటి, 48కి రెండవ, 53కి మూడవ ప్రమాద హెచ్చరిక వెలువడునట్లే, ఎప్‌సెట్ ఇంజనీరింగు ప్రవేశముల విడత విడతకును ఆయన కంఠస్వరము పెరిగి, తుది విడతనాటికి వీధి చివరి టీకొట్టు వరకు వినవచ్చును.

ఏ కోర్సు పట్టవలెనో చెప్పు ఆయన జోస్యమునకు చరిత్ర కలదు. 2000 సంవత్సరము రాగానే కంప్యూటర్లన్నియు తేదీలు మరచి మొరాయించునని లోకము బెదరిన దినములలో, పెద్ద మేనల్లుని కోబాల్ నేర్వుమని అమీర్‌పేటకు తరిమెను. వాడు నేర్చి వచ్చుసరికి తేదీల మరమ్మతు ముగిసి, 2001లో అమెరికాలో మాంద్యము దిగెను. 'మెకానికలే శాశ్వత'మని రెండవవానిని అటు తోసెను. వాడిప్పుడు హైదరాబాదున సాఫ్ట్‌వేరు టెస్టింగులో సుఖముగా నున్నాడు. ఇంతటి అనుభవజ్ఞుని మాట కాదనుటకు మనమెవరము?

నేడాయనకు ఉట్టి కంప్యూటరు సైన్సు, అనగా సీఎస్ఈ, ఆనదు. "సీఎస్ఎం పెట్టు, ఏఐ అది, లేకుంటే సీఎస్‌డీ, డేటా సైన్సు" అనును. డిగ్రీ ప్రవేశముల దోస్త్‌లో బీసీఏ అన్నచో, పెండ్లిచూపులలో వరుని జీతమడిగినప్పుడు మేనమామ దగ్గినట్లు దగ్గును; పాలిటెక్నిక్ చదివి ఈసెట్‌తో నేరుగా ఇంజనీరింగు రెండవ యేట చేరవచ్చునన్నచో, అసలు వినిపించుకొనడు.

మొన్న దుమ్ముగూడెం వైపు నుండి తునికాకు కోయు నొకాయన కూతురును వెంటబెట్టుకొని వచ్చెను. పిల్ల నోటుపుస్తకము తెరచినది. నడుమ స్కేలుతో గీసిన నిలువు గీత; ఇటు సీఎస్ఈ, అటు సీఎస్ఎం; ఇరువైపులను డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ కవలలవలె ఎదురెదురుగా నిలిచియుండ, చివరి యేండ్ల దగ్గర గాని వరుసలు విడిపోలేదు.

"సారూ, రెండూ ఒకటే లెక్కున్నయి. మరి ఫీజు, ఉద్యోగం వేరా?"

"పేరులోనే ఉందమ్మా పెన్నిధి" అని మామయ్య మౌసుపై చేయి వేసెను.

అంతవరకు గుమ్మమున నిలిచిన తండ్రి మెల్లగా అడిగెను: "కల్లంల ఎవరు కట్టినా కట్టకు యాభై ఆకులే సారూ. పైన దారం రంగు మారితే లోపల ఆకు మారదు గద?"

మామయ్య కండ్లజోడు తీసి, తుడిచి, మరల పెట్టుకొని, సర్వరు బిజీగా నున్నదని ప్రకటించి, ఆ తండ్రి లెక్కలోనే మూడు టీలకు కేక వేసెను.