ఏకరిమోటీయము: సటీకాతాత్పర్యము

మూలం

ఆ. సెట్టు మీట నొక్కి చేపట్టి నిలువంగ
నెఱ్ఱదీప మొకటి యింత మెఱయు
నంకె లపుడు నాల్గు హడలక కొట్టంగ
టీవి యారిపోవు దేవునిచ్ఛ!

అవతారిక

టీవీకి ఒకటి, సెట్‌టాప్ బాక్సుకు ఒకటి, హోమ్ థియేటర్‌కు ఒకటి, పాడైపోయిన డీవీడీ ప్లేయర్‌కు ఒకటి, ఇలా నాలుగు రిమోట్లతో విసిగిన గృహస్థు కోఠి గుజరాతీ గల్లీలో ‘ఆల్ ఇన్ వన్’ రిమోట్ కొనితెచ్చి, అందులోని మడత కాగితం విప్పి, చీమతలకాయంత అక్షరాలు చూసి దిక్కుతోచక కూర్చున్నాడు. అతడిని ఉద్ధరించడానికి వెలసిన పద్యమిది. కవి పేరు అట్టపెట్టెతో పాటు చిరిగిపోయింది.

ప్రతిపదార్థం

సెట్టు మీటన్ = ‘సెట్’ అని రాసి ఉన్న బటన్‌ను; నొక్కి = అదిమి; చేపట్టి = వేలు తీయకుండా పట్టుకొని; నిలువంగన్ = ఓపికతో ఉండగా; ఎఱ్ఱదీపము ఒకటి = రిమోట్ నుదుట నున్న ఎర్రని లైటు; ఇంత = కొద్దిగా; మెఱయున్ = వెలుగును; అపుడు = అది వెలిగి ఉన్నంతలోనే; నాల్గు అంకెలు = కాగితంలో కంపెనీ పేరుకు ఎదురుగా ఉన్న కోడ్‌ను; హడలక = కంగారు పడక; కొట్టంగన్ = నొక్కగా; దేవుని ఇచ్ఛ = భగవదనుగ్రహం ఉన్నచో; టీవి = దూరదర్శని; ఆరిపోవున్ = ఆగిపోవును.

టీక

*చేపట్టి నిలువంగ:* నొక్కి వదిలితే చాలదా? చాలదు. హ్రస్వమైన నొక్కు టీవీకి ఆజ్ఞ, దీర్ఘమైన నొక్కు రిమోట్‌కే ఆజ్ఞ. ఇక్కడ మాత్రాభేదం వల్ల అర్థభేదం కలుగుతుంది. సెట్ మీట లేని ప్రతులలో ‘టీవీ’ మీటనే అలా పట్టుకోవాలని పాఠాంతరం.

*ఎఱ్ఱదీపము:* ఇది సాక్షి మాత్రమే, కర్త కాదు. పని చేసే దీపం రిమోట్ ముక్కు దగ్గర ఉంటుంది. అది వెదజల్లేది సుమారు 940 నానోమీటర్ల పరారుణ కాంతి, మన కంటికి ఆనదు. నమ్మకం లేనివారు సెల్‌ఫోన్ కెమెరా ఎదుట మీట నొక్కి చూడవచ్చు. చాలా ఫోన్లలో అది లేత ఊదారంగులో మిణుకుమంటుంది. మిణుకుమనకపోతే దోషం కోడ్‌లో కాదు, బ్యాటరీలలో వెతకాలి.

*నాల్గు:* ఉపలక్షణం. మూడంకెల, అయిదంకెల సంప్రదాయాలూ ఉన్నాయి. ఈ అంకెలు టీవీకి చేరతాయనుకోవడం అవివేకం. రిమోట్ తన కడుపులో దాచుకున్న పట్టికలో ఏ వరుస తెరవాలో మాత్రమే ఇవి చెబుతాయి. పట్టిక ఎందుకయ్యా అంటే, పరికరాలలో శాఖాభేదం ఉంది కనుక. ఎన్ఈసీ శాఖవారు కాంతిని సెకనుకు 38,000 సార్లు మినుకుమనిపిస్తూ పలుకుతారు. ఫిలిప్స్‌వారి ఆర్‌సీ-5 శాఖలో 36,000, సోనీ శాఖలో 40,000. ఎన్ఈసీవారు ముందుగా 9 మిల్లీసెకన్ల దీర్ఘం పలికి, 4.5 మిల్లీసెకన్లు మౌనం పాటించి, తరువాత 32 బిట్లు వల్లిస్తారు. అందులో చిరునామాను ఒకసారి చెప్పి, దాన్నే తలకిందులు చేసి మళ్ళీ చెబుతారు. ఆజ్ఞనూ అంతే. ఘనపాఠీలు పదాలను ముందుకూ వెనక్కూ వల్లించేది అక్షరం జారిపోకుండా ఉండటానికే కదా, ఇక్కడా ప్రయోజనం అదే.

*హడలక:* ఆలస్యం చేస్తే ఎర్రదీపం ఆరి కథ మొదటికొస్తుంది. తొందరపడితే అంకె తప్పుతుంది. పైగా ఒకే కంపెనీకి కాగితంలో పదీ పదిహేను కోడ్‌లు ఉండటం కద్దు. అందుకే ఈ ఒక్క పదం.

*టీవి యారిపోవు:* ఆక్షేపం. రిమోట్ కొన్నది టీవీ చూడటానికి కదా, ఆరిపోవడం సిద్ధికి గుర్తెలా అవుతుంది? సమాధానం. పవర్ మీట ప్రతి టీవీకీ ఉంటుంది, దాని ఫలితం గదిలో ఏ మూల కూర్చున్నవారికైనా తెలుస్తుంది. అందుకే ‘ఆటో సెర్చ్’ అనే మార్గంలో రిమోట్ కోడ్ తరువాత కోడ్ పంపుతూ పోతుంది, టీవీ ఆరగానే మనం మీట నొక్కి ఆపాలి. అయితే ఆరింది గనుక అయిపోయిందని కాగితం పారేసేవారు ప్రాచీనులు. నవ్యులు దీన్ని ఒప్పుకోరు. పవర్ పలికిన కోడ్‌కు వాల్యూమ్ పలకకపోవచ్చు, మెనూ పలకకపోవచ్చు. ధ్వని పెంచి, తగ్గించి, మ్యూట్ చేసి, ఛానల్ మార్చి చూసిన తరువాతే సిద్ధి అని సిద్ధాంతం.

*దేవునిచ్ఛ:* పాదపూరణకు వేసిన పదమని కొందరన్నారు, వారు పద్యం చదివారేగాని రిమోట్ పట్టలేదు. పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. రిమోట్‌కు నోరే గాని చెవి లేదు, టీవీకి చెవే గాని బదులిచ్చే నోరు లేదు. గోడవైపు తిప్పి నొక్కినా ఆ దీపం అంతే శ్రద్ధగా మిణుకుమంటుంది. తన మాట ఎవరికైనా అందిందా అన్నది రిమోట్‌కు ఎన్నటికీ తెలియదు. కనుక ‘ఆరింది’ అనే జవాబును టీవీ తరఫున రిమోట్‌కు చేరవేసేవాడు సోఫాలోని మనిషే. ప్రోగ్రామింగ్ అని మనం గొప్పగా పిలుచుకునే క్రియలో యంత్రం చేసేది ఊహించడం, మనిషి చేసేది సాక్ష్యం చెప్పడం.

విశేషాంశాలు

ఛందస్సు ఆటవెలది. నాలుగో పాదంలో ప్రాసయతి. ‘కొట్టంగన్’ అనే ద్రుతాంతం మీద పరుషమైన టకారం ఉంది గనుక ‘డీవి’ కావలసింది. అలా అంటే మెకానిక్‌కు అర్థం కాదని కవి మానుకున్నాడు.

కోడ్ దొరకనివారికి గురుముఖోపదేశం ఉంది. చెవి కూడా ఉన్న ‘లెర్నింగ్’ రిమోట్‌ను పాత రిమోట్‌కు ఎదురుబొదురుగా పెట్టి ఒక్కొక్క మీటా నొక్కితే శిష్యుడు విని నేర్చుకుంటాడు. ఆపిల్ కంపెనీ సహస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ 1987లో తెచ్చిన ‘కోర్’ రిమోట్ ఈ సంప్రదాయంలోనిదే. ఇంకా పూర్వచరిత్ర కోరేవారికి: 1955లో జెనిత్ కంపెనీలో యూజీన్ పాలీ కాంతితో నడిచే ఫ్లాష్-మాటిక్ చేశాడు, ఎండపడితే టీవీ తనంతట తానే ఛానల్ మార్చేది. మరుసటి ఏడు రాబర్ట్ ఆడ్లర్ అల్యూమినియం కడ్డీలను చిన్న సుత్తితో కొట్టి, చెవికందని శబ్దంతో పని జరిపించాడు. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు.

ఏసీ రిమోట్ వేరు. అది చాలావరకు ప్రతి నొక్కుకూ ఉష్ణోగ్రత, ఫ్యాను, మోడ్ అన్నీ కలిపి ఆసాంతం చెబుతుంది. బ్లూటూత్‌తో నడిచే పరికరాలు ఈ పద్యానికి లోబడవు.

తాత్పర్యం

సెట్ మీటను ఎర్రలైటు వెలిగేదాకా పట్టుకొని, కంగారు లేకుండా కోడ్ నొక్కి, టీవీ ఆరితే వాల్యూమ్ కూడా పరీక్షించి, కుదిరిన కోడ్‌ను బ్యాటరీ మూత లోపల చిన్న కాగితంపై రాసి అంటించుకోవలెను. బ్యాటరీలు తీయగానే నేర్చినదంతా మరచే రిమోట్లు కూడా లోకంలో ఉన్నవి.

ఫలశ్రుతి

దీనిని శ్రద్ధగా చదివి ఆచరించినవారి టీపాయ్‌పై నాలుగు రిమోట్ల స్థానంలో అయిదు రిమోట్లు విలసిల్లును. ఏలననగా, కొత్తదానిలో లేని మీట ఏదో ఒకటి పాతవాటిలో ప్రతిదానికీ ఉండును.