మేళం కట్టే చెవి

కొత్త వీణ ఆన్‌లైన్ల తెప్పిచ్చుకున్నవా బిడ్డా? అట్టపెట్టె విప్పంగనే ఫోటో దిగినవు, మంచిదే. గని దాని కుండ మీద వేలిమడతతో ఒక్కసారన్న కొట్టి చూసినవా? మా రోజుల్ల ముందుగాల అదే చూసేది.

మాది నందిపేట్ల వడ్లోళ్ల ఇల్లు. బోధన్ షుగరు ఫ్యాక్టరీకి చెరుకు మోసే బండ్లకు మా నాయిన తుమ్మకర్రతో గాన్లు చేసేటోడు. కర్ర పచ్చిగుంటే బాడిశ ముట్టనిచ్చేటోడు కాదు, రైతు వాకిట్ల కూసోని ఎంత తొందరపెట్టినా సరే. ఆ ఫ్యాక్టరీ 2015ల మూతపడ్డది, బండ్లు అంతకు ముందే పోయినయి. ఇప్పుడు తలుపు కావాలంటే పొద్దున చెప్పి మాపటికి అడుగుతరు!

ఏదో చెప్పబోయి ఎటో పోయిన. నాకు ఇరవై ఏండ్లప్పుడు మీటరుగేజి బండెక్కి సికింద్రాబాద్, అక్కడినుంచి బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి పోయిన. అక్కడ సర్వసిద్ధి ఇంటిపేరోళ్లకు తాతల నుంచి వీణలు చేసుడే పని. మన దిక్కు టేకు, తుమ్మ. పనసకర్ర అక్కడనే మొదటిసారి చూసిన. గోదారి అవతల నిర్మల్ల పొనికితో బొమ్మలు చేస్తరు గని, బొమ్మ పలుకక్కరలేదు, వీణ పలుకాలె. ఒకే మొద్దుల కుండ, దండి, మెడ, అతుకన్నది లేకుండ చెక్కితే దాన్ని ఏకాండి అంటరు. ఒక పెద్దాయన కుండ లోపల ఉలితో చిటికెడు తీసి, వేలితో కొట్టి, చెవి ఆనించి, మళ్ల చిటికెడు తీసేటోడు. పొద్దంత అదే. ఎక్కడ ఆగాలెనో ఏ కొలబద్దతోటి చూడలే.

ఆఖరికి మేళం. మసి కలిపిన మైనంల 24 మెట్లు ఒక్కొక్కటి నిలబెట్టుడు. తంతి మీటి, ఇంత జరిపి, మళ్ల మీటుడు. తంతులు 7: స్వరానికి 4, తాళానికి 3. ఆ పూట ఇంట్ల పిల్లలు గట్టిగ మాట్లాడేటోళ్లు కాదు.

పోయిన ఎండకాలం మా మనుమడు పాత వీణకు నేను మేళం కడుతుంటే పక్కన ఫోన్ల శ్రుతి చూసే యాప్ పెట్టిండు. 22 మెట్లకు నా చెవి, దాని ముల్లు ఒక్కటే చెప్పినయి. రెండింటికి ఫోనే కరెక్టు, నేనే జరిపిన. ఒప్పుకుంట. గని తంతి పలికినంకనే గద అది చెప్పేది? సగం చెక్కిన కుండకు తంతి ఎక్కడున్నది? ఇంక చిటికెడు తియ్యాల్నా, ఇగ చాలా అని ఆ పూట ఎవరు చెప్పాలె? మీకు అది నేర్పకుండనే మేము ముసలోళ్లమైతిమి, ఆ తప్పు మాదే.

నీ వీణ మైనం అప్పుడే పగిలింది చూడు. రేపు ఎండెక్కకముందే పట్టుకరా, మేళం మళ్ల కడుదం. ఫోను కూడ తెచ్చుకో.