లంకకు రాయబారి కావాలంటే ముందు సుగ్గికి పోండి

డిగ్రీ చేతికందిన పిల్లలు ఏటా మా కోసిగి స్టేషన్‌లో రైలెక్కి పోతుంటారు. కొందరు బెంగళూరుకు, కొందరు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో సివిల్స్ కోచింగ్‌కు. ఆ రెండోవాళ్లలో ఒక్కరైనా విదేశాంగ సేవలో చేరాలని, అందులోనూ కొలంబోలో మన హైకమిషనర్‌గా కూర్చోవాలని నాకు గట్టి కోరిక. కామన్వెల్త్ దేశాల మధ్య రాయబారిని హైకమిషనర్ అంటారు, పని మాత్రం అదే. ఆ కుర్చీ చరిత్ర నాకు తెలిసినంతలో చెప్తాను, దాంతో పాటు కొన్ని సలహాలు కూడా. వీటిని మీ మాస్టర్లు ఒప్పుకోరు, ఇంట్లోవాళ్లు అసలే ఒప్పుకోరు. అయినా నా మాట వినండి.

ముందుగా, కోచింగ్ ఒక ఏడాది వాయిదా వేసుకోండి. ఆ డబ్బు బ్యాంకులో పెట్టి, మీ వీధిలో ఏ గుంపు సుగ్గికి, అంటే కోతల వలసకు, పోతోందో కనుక్కుని వాళ్లతో పాటు గుంటూరు మిరప చేలకు పోండి. చూసి రావడానికి పోతే లాభం లేదు, కోతకు పోవాలి.

పోయే ముందు జరిగేది దగ్గరగా చూడండి. మేస్త్రి సాయంత్రం ఇంటి అరుగు మీదికొస్తాడు. చేతిలో నాలుగు మడతలు పడిన నోటుపుస్తకం. పేజీకొక కుటుంబం. పైన మగవాడి పేరు, కింద ఆడమనిషి పేరు, ఆ కింద పనిచేయగల పిల్లల పేర్లు. పక్కనే అడ్వాన్సు మొత్తం. ఆ డబ్బు ఆ రాత్రే కిరాణా అంగడికి, మందుల బాకీకి పోతుంది. తెల్లారేసరికి లారీ వస్తుంది. బియ్యం మూట, కారం పొడి డబ్బా, చింతపండు, రెండు గిన్నెలు, గుడారానికి పట్టా, చంటిబిడ్డ ఉయ్యాలకు పాత చీర. ముసలివాళ్లు ఇంటికి కాపలా ఉంటారు. బడి ఈడు పిల్లల్లో కొందరు సీజనల్ హాస్టల్‌కు, మిగతావాళ్లు లారీలోకి. చేనుకాడ ఎవరైనా మధ్యలో తిరిగి పోతామంటే మేస్త్రి నోట వచ్చే మాట ఒకటే: "లెక్క తీసుకున్యావు గదప్పా, తీరేదాకా ఈడ్నే ఉండాల."

ఇది పుస్తకాల్లో దొరకని రాజనీతి అని నేను అనను. పుస్తకాల్లోనే ఉంది. లంక తేయాకు తోటల చరిత్ర తెరిస్తే మొదటి పేజీల్లోనే ఈ మేస్త్రి కనబడతాడు. అక్కడ ఆయన పేరు కంగాణీ. తన ఊరివాళ్లకే అడ్వాన్సు ఇచ్చి, గుంపు కట్టి, మండపం క్యాంపు మీదుగా సముద్రం దాటించి తోటకు చేర్చేవాడు. గుంపులో ఎంతమంది పనికొస్తే అన్ని తలల మీద ఆయనకు రోజూ కొన్ని సెంట్లు ముట్టేవి. అప్పు ఎంతుందో రాసిన చీటీ ఒకటి ఉండేది, దాన్ని తుండు అనేవారు. కొత్త తోట యజమాని ఆ అప్పు కడితే తప్ప కూలీ పాత తోట విడిచి పోలేడు. 1921లో తుండును రద్దు చేశారు. అప్పు మటుకు రద్దు కాలేదు. అక్కడికి పోయినవాళ్లు ఎక్కువగా తమిళులు. మన తెలుగువాళ్లు ఎక్కువగా బర్మాకు, మలయాకు పోయారు. ఎవరు పోయినా లెక్క రాసే పద్ధతి ఒకటే.

ఇక కుర్చీ సంగతి. కొలంబోలో మన రాయబారి పదవి స్వాతంత్ర్యంతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. దాని వేర్లు 1922 నాటి వలసల చట్టంలో ఉన్నాయి. ఆ చట్టం కింద భారత ప్రభుత్వం 1923 నుంచి లంకలో ఒక ఏజెంటును పెట్టింది. ఆయన ఆఫీసు రాజధాని కొలంబోలో లేదు, తోటలకు దగ్గరగా కాండీలో ఉండేది. తోటలు తిరగడం, కూలి రేట్లు చూడటం, ఫిర్యాదులు రాసుకోవడం ఆయన పని. 1927లో భారతీయ కూలీలకు కనీస వేతన చట్టం వచ్చిందంటే దాని వెనుక ఈ రకమైన ఒత్తిడి ఉంది. 1939లో మన ప్రభుత్వం కూలీల వలసనే ఆపేసింది. తర్వాత 1943 నుంచి ఎం.ఎస్. అణే భారత ప్రతినిధిగా కొలంబోలో ఉన్నారు. ఈ వరుస చూడండి. మొదటి మనిషిని అక్కడికి పంపింది కూలీల కోసం. విందులు, జెండాలు, ఒప్పందాలు తర్వాత వచ్చి చేరాయి. అందుకే ఈ పదవికి తయారయ్యేవాళ్లు మొదట మిరపచేను చూడాలంటున్నాను.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సలహా. గెలిచిన రాయబారుల జీవితాలు చదవకండి, ఓడినవాళ్లవి చదవండి. అందులో మొదటివాడు మన తెలుగాయన, వరాహగిరి వెంకటగిరి. రాష్ట్రపతిగా ఆయన అందరికీ తెలుసు, కొలంబోలో స్వతంత్ర భారత తొలి హైకమిషనర్‌గా తెలిసినవాళ్లు తక్కువ. 1894లో బరంపురంలో పుట్టాడు. గంజాం జిల్లా అప్పట్లో బర్మాకు కూలీలను పంపే జిల్లా. లా చదవడానికి డబ్లిన్ పోయి, ఐరిష్ ఉద్యమకారులతో కలిసిన పాపానికి 1916లో ఆ దేశం వదలాల్సివచ్చింది. తిరిగొచ్చి రైల్వే కార్మికుల సంఘాలు కట్టాడు. రెండుసార్లు ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యాడు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యాడు. అంటే 1947లో నెహ్రూ ప్రభుత్వం కొలంబోకు పంపింది పాతికేళ్లుగా కార్మికుల మధ్యే పనిచేసిన మనిషిని. నా దృష్టిలో ఆ కుర్చీకి ఇంతకన్నా తగిన ఎంపిక తర్వాత ఎప్పుడూ జరగలేదు.

ఆయన 1951 దాకా అక్కడున్నాడు. ఆయన ఉండగానే, 1948లో, లంక ప్రధాని సెనానాయకె ప్రభుత్వం తెచ్చిన పౌరసత్వ చట్టం ఆ ఏడాది నవంబరు 15న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు 1947 ఎన్నికల్లో తోటల కూలీల పార్టీ సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ పలు సీట్లు గెలిచింది. తోటల్లో ఓటు ఉంటే ఏమవుతుందో పాలకులు చూశారు. తండ్రి లంకలోనే పుట్టాడనో, తాతముత్తాతలు అక్కడివాళ్లేననో కాగితంతో రుజువు చేయాలన్నారు. ఈ రుజువు తేయాకు తోట లైన్లలో ఉన్నవాళ్ల దగ్గర ఎక్కడుంటుంది? ఏడు లక్షలకు పైగా మనుషులకు ఒక్కసారిగా ఏ దేశమూ లేకుండా పోయింది. 1949లో వాళ్ల ఓటు కూడా పోయింది. దేశంలోకెల్లా పెద్ద కార్మిక నాయకుల్లో ఒకడు హైకమిషనర్ కుర్చీలో ఉండగానే ఇదంతా జరిగింది.

దీన్ని గిరి చేతకానితనంగా చదవకండి. రాయబారి చేతిలో ఏముంటుందో, ఏముండదో ఇంత స్పష్టంగా చూపించే పాఠం ఇంకొకటి లేదు. ఢిల్లీ నుంచి వచ్చిన మాటను అందించడం ఆయన చేతిలో ఉంది. అవతలి దేశం పార్లమెంటు ఓటు ఆయన చేతిలో లేదు. ఇంటికొచ్చాక ఆయన చేసిన పని కూడా చదవండి. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో మంత్రి పదవి వదిలేశాడు. కుర్చీ కన్నా తీర్పు ముఖ్యమనుకున్నాడు. ఇంటర్వ్యూ బోర్డు మీ అభిమాన రాయబారి ఎవరని అడిగితే నిస్సంకోచంగా గిరి పేరు చెప్పండి. ఫలితం ఏమొచ్చిందని ఎదురు ప్రశ్న వేస్తారు. పౌరసత్వం పోయిందని నిజమే చెప్పండి. మార్కులు తగ్గితే తగ్గనివ్వండి.

ఒప్పందాలు చదివేటప్పుడు కింద సంతకాల దగ్గర ఆగకండి. అంకెల దగ్గర ఆగండి. 1964 అక్టోబరు 30న ఢిల్లీలో లంక ప్రధాని సిరిమావో బండారనాయకె, మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి సంతకాలు చేశారు. దేశం లేని మనుషులు 9,75,000 అని లెక్క వేశారు. 5,25,000 మంది భారత్‌కు, 3,00,000 మంది లంకకు. మిగిలిన 1,50,000 మంది సంగతి తర్వాత చూద్దామన్నారు. 1974లో ఇందిరాగాంధీ, సిరిమావో ఆ మిగిలినవాళ్లను సగం సగం పంచుకున్నారు. తోటల్లో పనిచేసేవాళ్ల నాయకుడు తొండమాన్‌ను ఈ పంపకంలో ఎవరూ అడగలేదు. పుట్టి పెరిగిన కొండ వదిలి ఎప్పుడూ చూడని దేశానికి ఓడలో వచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. నీలగిరుల్లో తమిళనాడు ప్రభుత్వం తేయాకు తోటలు వేసి కొందరికి పని ఇచ్చింది. కర్ణాటకలో సుళ్య, పుత్తూరు వైపు రబ్బరు తోటల్లో కొందరు కుదురుకున్నారు. లంకలోనే మిగిలిపోయిన ఆఖరి మనుషులకు లంక పౌరసత్వం ఇచ్చే చట్టం 2003లో వచ్చింది. 1948 నుంచి 2003 దాకా లెక్కేసుకోండి.

1964 నాటి ఆ రోజుల్లో కొలంబోలో మన హైకమిషనర్ భీమ్‌సేన్ సచ్చర్. అంతకు ముందు 1957 నుంచి 1962 దాకా ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా హైదరాబాద్‌లో ఉన్నాడు. మన పాఠాల్లో ఆయన పేరు గవర్నర్ల పట్టికలో మాత్రమే కనిపిస్తుంది. పట్టికలు కంఠస్థం చేయకండి, ఒక మనిషి తర్వాత ఎక్కడికి పోయాడో వెతకండి.

అందరూ మెచ్చుకునే జె.ఎన్. దీక్షిత్‌ను ఆదర్శంగా పెట్టుకోవద్దు. 1985 నుంచి 1989 దాకా కొలంబోలో ఆయన మాటకు ఉన్న బరువు ఇంకే హైకమిషనర్‌కూ లేదు. అక్కడివాళ్లు ఆయన్ని వైస్రాయ్ అని పిలిచేవారు. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, లంక అధ్యక్షుడు జయవర్ధనె అక్కడి అంతర్యుద్ధం ఆపే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మరునాడు గౌరవ వందనంలో నిలబడ్డ లంక నావికుడు ఒకడు రాజీవ్ మీద తుపాకీ మడమ ఎత్తాడు. శాంతి దళం పేరుతో పోయిన మన సైన్యం 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మంది సైనికులు ప్రాణాలు కోల్పోయారు. అక్కడి తమిళులు, సింహళులు ఎంతమంది పోయారో అది వేరే పెద్ద లెక్క. దీక్షిత్ తెలివైనవాడు, కష్టజీవి, తర్వాత విదేశాంగ కార్యదర్శి అయ్యాడు. తన అనుభవాన్ని పుస్తకంగా రాశాడు, అది చదవండి. కానీ ఊరి పంచాయితీలో అరుగెక్కి కూర్చున్నవాడి మాటను పక్క ఊరు ఎంతకాలం వింటుంది? పక్క దేశంలో మన మాటకు ఎదురుండకూడదనే కోరిక మీలో మొలకెత్తితే ఆ రోజే ఉద్యోగం మానేయండి.

రాయబారి ఎవరి పక్షమూ వహించకూడదని శిక్షణలో చెప్తారు. ఈ ఒక్క మాట చెవిన పెట్టకండి. పక్షం వహించండి, అది కూలీ పక్షం కావాలి. జాఫ్నాలో ఉన్నా, నువర ఎలియ కొండ మీద ఉన్నా, రామేశ్వరం జాలరి అయినా, లంక జాలరి అయినా సరే. ఎవరి వల ఎవరి సముద్రంలో పడిందనే గొడవలో రెండువైపులా పొద్దునే పడవెక్కేవాడే నష్టపోతాడు. ఆ ఇద్దరి ఇళ్లకూ పోయి కూర్చోగలిగితే మీరు మంచి రాయబారి.

చిన్న పోస్టులు కోరుకోండి. ఇప్పటికీ కాండీలో మన సహాయ హైకమిషన్ ఉంది. గోపాలకృష్ణ గాంధీ 2000లో కొలంబోకు హైకమిషనర్‌గా పోయేనాటికి, అంతకు చాలా ఏళ్ల ముందే కాండీలో పనిచేసి తోటల కూలీల మీద నవల కూడా రాసి ఉన్నారు. కొలంబో కుర్చీకి అదే సరైన మెట్టు. వాషింగ్టన్, లండన్, జెనీవా అనేవాళ్లను అననివ్వండి. మీ దరఖాస్తులో మొదటి ప్రాధాన్యం ఐఏఎస్ రాయకండి, విదేశాంగ సేవ రాయండి. విదేశీ భాష నేర్చుకోమన్నప్పుడు సింహళం అడగండి. తమిళం అంటారా, అది మీరు సొంతంగా నేర్చుకోవచ్చు. లంకలో అహికుంటిక అనే సంచార జాతి ఉంది, పాములాడించడం, సోదె చెప్పడం వాళ్ల కులవృత్తి. వాళ్లు ఇళ్లలో మాట్లాడేది తెలుగే. వాళ్లతో మాట్లాడటానికి మీకు దుభాషి అక్కర్లేదు.

ఇవన్నీ జరిగేదాకా ఊరికే కూర్చోకండి. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టాన్ని రాష్ట్రం దాటినవాళ్ల కోసం రాశారు. రాష్ట్రం విడిపోయాక కోసిగి నుంచి ఖమ్మం పోయినవాడు దాని లెక్కలోకి వచ్చేవాడు, గుంటూరు పోయినవాడు వచ్చేవాడు కాదు. 1948లో తోటల కూలీలను ముంచింది చేతిలో కాగితం లేకపోవడమే. ఇక్కడా మేస్త్రి పుస్తకం తప్ప మీ వీధివాళ్ల దగ్గర ఇంకే కాగితమూ లేదు. ఉగాదికి గుంపులు తిరిగొస్తాయి. ఒక రిజిస్టరు కొనుక్కుని ఇంటింటికీ పోండి. ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఎవరి చేను, కేజీకి ఎంత ఇచ్చారు, ఎన్ని రోజులు కోశారు, చేతికి మిగిలింది ఎంత, పిల్లలకు బడి ఎన్ని నెలలు పోయింది, జ్వరమొస్తే ఎవరు చూశారు. రాసింది వాళ్లకు చదివి వినిపించండి, తప్పుంటే దిద్దండి, వేలిముద్ర వేయించండి. ఒక నకలు పంచాయతీ ఆఫీసులో, ఒకటి మండల కార్యాలయంలో ఇచ్చి రసీదు అడగండి. ఇవ్వకపోతే మళ్లీ పోయి అడగండి.