టీఎక్సార్ మావయ్య సుత్తి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరుకీ పక్క క్వార్టరుకీ మధ్య గోడ ఒక్కటే. పొద్దున్నే అటువైపు నుంచి టంగ్, టంగ్ మని చప్పుడొచ్చిందంటే టీఎక్సార్ మావయ్య లేచాడన్నమాట. మంచం కోళ్ళు, నీళ్ళ బకెట్టు, కిటికీ ఊచలు వరసగా తట్టుకుంటూ వచ్చి ఆఖర్న మా గోడకి రెండు తగిలించేవాడు. చప్పుడు నచ్చితే సరే. నచ్చకపోతే అక్కడే ఆగి, చెవి ఆనించి, ఇంకో దెబ్బ. అలారం గడియారం కొనాల్సిన అవసరం మా ఇంటికి రాలేదు.

టీఎక్సార్ అంటే ట్రైన్ ఎగ్జామినర్. ఆ రోజుల్లో బండి ఆగగానే పొడుగు కర్ర సుత్తితో చక్రం చక్రాన్నీ తట్టి వినేవారు. మంచి చక్రం గుడిగంటలా మోగుతుంది. పగులున్నది పగిలిన కుండలా బొదబొదమంటుంది. ఇరుసు పెట్టె వేడెక్కిందేమో, అంటే ‘హాట్ యాక్సిల్’ ఏమోనని, చేతి వెనకవైపు ఆనించి చూసేవారు. లోపం దొరికితే వ్యాగన్ మీద సుద్దముక్కతో రాసి ‘సిక్’ చేస్తారు. ఇక అది సిక్ లైనుకి పోవలసిందే, ఎవరు బతిమాలినా కదలదు. లోపం లేకపోతే ‘ఫిట్’.

లోకం మొత్తాన్ని ఈ రెండు మాటల్లో సర్దేసుకున్నాడు మా మావయ్య. రైల్వే కాలనీల్లో ఇలాంటివాళ్ళది ఒక జాతి. వాళ్ళు డ్యూటీ దిగుతారు గానీ, డ్యూటీ వాళ్ళని దిగదు. మా వరస చివర ఉండే గార్డుగారు సంతకెళ్ళడానికి కూడా పిల్లల్ని లెక్కపెట్టుకుని, ఈల వేస్తే తప్ప గడప దాటేవారు కాదు. అయితే గార్డుగారి పిచ్చి ఆయన ఇంటివరకే. మావయ్యది వీధి మొత్తానికి.

1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, అదే మన బీఎన్నార్, అడవులు కొట్టి పట్టాలు వేసుకుంటూ పోతే వెనకాలే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్ళు మూటలు పట్టుకుని దిగారు. ఖరగ్‌పూర్‌లో కొందరు, బిలాస్‌పూర్‌లో కొందరు. 2000 నవంబరు దాకా మా ఊరు మధ్యప్రదేశ్. బళ్ళో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఎదురింట్లో బెంగాలీ, ఇంట్లో మాత్రం బొబ్బిలి దగ్గర పల్లెలో వదిలేసి వచ్చిన తెలుగు. ఆ పల్లెలోనే మారిపోయిన మాటలు కొన్ని మా కాలనీలో భద్రంగా ఉండేవి.

బుధవారీ బజారులో కొబ్బరికాయలమ్మేవాడికి మావయ్య కనబడితే గుండె దడ. బుట్టలో ఉన్నవన్నీ తట్టి, సుద్దముక్క తీసి సగానికి పైగా ‘సిక్’ చేసేసేవాడు. ఆ కాయలు ఆ పూట ఇంకెవరూ కొనేవారు కాదు. వాడు తర్వాత్తర్వాత తెలివిమీరి, మావయ్య ఫిట్ చేసిన కాయల్ని విడిగా కుప్పపోసి ధర పెంచి అమ్ముకున్నాడు. నాకు జ్వరమొస్తే ముందు చెయ్యి తిరగేసి నుదుటి మీద ఆనించేది మావయ్యే. “ఆట్ ఏక్సిలు రా గుంటడా, ఇయ్యాల బడికి పంపీకండి” అనేవాడు. అది మాత్రం గొప్ప వరం. లెక్కల్లో తప్పానని తెలిసిన రోజున నా బుర్ర మీద వేలితో తట్టి, చెవి పెట్టి, “పగులు నేదు. లోన సరుకే నేదు” అని తేల్చాడు. ఆ సంగతి మా నాన్నకి నేను వేరే చెప్పుకోవలసిన పని లేకపోయింది.

మావయ్య తల్లిని అందరం మామ్మ అనేవాళ్ళం. ఆవిడది అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, మాట్లాడుతూనే పీల్చేది. అవతలి పక్క క్వార్టర్లో ఛత్తీస్‌గఢీ ముసలమ్మ ఉండేది, దాయి. ఆవిడది గుడాఖూ. పొగాకు, బెల్లం కలిపిన ఆ నల్లటి ముద్దని వేలితో పళ్ళకి రుద్దుకుంటూ అరుగు మీద కూర్చునేది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి తెలుగు తప్ప రాదు. అయినా ఇరవై ఏళ్ళ స్నేహం. “సీ, పళ్ళకి పొగాకు రాసుకుంటాదేటే, ఏం బుద్ది!” అని నోట్లో నిప్పు పెట్టుకుని మామ్మ ఏవగించుకునేది. నిప్పు తినే మనిషని దాయి తన మనవలకి మామ్మని చూపించి భయపెట్టేది. పొద్దున్న అయ్యేసరికి ఈవిడ తరవాణి, ఆవిడ బోరే బాసీ ఒకే అరుగు మీదికి వచ్చేవి. రెండూ రాత్రి నీళ్ళు పోసిన అన్నమేనని వాళ్ళిద్దరికీ ఎవరూ చెప్పలేదు.

ఇక మా అక్క పెళ్ళిచూపులు.

పెళ్ళికొడుకువాళ్ళు పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ వచ్చి, అక్కడ బండి మారి దిగారు. వాళ్ళు వీధి మలుపు తిరిగేసరికి మావయ్య మా గేటు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. యార్డులోకి బండి వస్తున్నప్పుడు టీఎక్సార్లు అలాగే పట్టాల పక్కన కూర్చుని తిరిగే చక్రాలు చూస్తారు. పెద్దలు నమస్కారం పెట్టారు. మావయ్య చూపు వాళ్ళ మొహాల మీద లేదు, కాళ్ళ మీద ఉంది.

“ఎడం సక్రం ఫ్లాట్ కొడతంది,” అన్నాడు.

నిజమే. పెళ్ళికొడుకు నడుస్తుంటే ఎడమ బూటు టక్కుమంటోంది. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టీ బెట్టగానే మావయ్య కింద చతికిలబడి, బూటు ఊడదీయకుండానే మడమ ఎత్తి, లేచిన మేకుని సుత్తితో రెండు దెబ్బల్లో దించేశాడు. లేచి నిలబడి, గదంతా వినబడేలా ప్రకటించాడు. “కుర్రోడు ఫిట్టు!”

పెళ్ళికొడుకు తల్లి పకోడీ ప్లేటు కింద పెట్టేసింది. “ఫిట్సా? మావోడికి ఫిట్సని నీకెవుడు సెప్పినాడయ్యా?”

ఆ గోలలో ‘ఫిట్సు’ ఒక్కటే మామ్మ చెవిన పడింది. చుట్ట నోట్లోంచి తియ్యకుండానే పరిగెత్తుకొచ్చి, మొలలోని తాళంచెవుల గుత్తి లాగి పెళ్ళికొడుకు గుప్పిట్లో కుక్కింది. వెనకాలే “కా హోగె? కా హోగె?” అంటూ దాయి. తాళంచెవుల గుత్తి చూసి ఆవిడ సంగతి తనకి తోచినట్టు అర్థం చేసుకుంది. ఉల్లిపాయ పగలగొట్టి అతని ముక్కు దగ్గర పెట్టింది. ఒక చేతిలో తాళాలు, ముక్కు కింద ఉల్లిపాయ, కాళ్ళ దగ్గర సుత్తి. అతను ఒక్క మాటైనా అనకుండా బుద్ధిగా కూర్చున్నాడు, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే.

తలుపు వెనక నుంచి మా అక్క పకపకా నవ్వింది. పెళ్ళిచూపుల్లో పిల్ల నవ్వకూడదని మా అమ్మ వారం రోజులు నేర్పించింది. అతను తల తిప్పి చూశాడు. అతనికీ నవ్వొచ్చింది. సంబంధం అక్కడే కుదిరిపోయింది. కట్నకానుకల మాటలన్నీ తర్వాతి లాంఛనం.

వాళ్ళు వెళ్ళాక మావయ్య మా నాన్నని పక్కకి పిలిచాడు. “బావా, మేకు దించీసినాను గానీ అసలు లోపం బూటులో నేదు, నడకలో ఉంది. ఎడం మడమే ముందు అరుగుతాది. పర్నేదు, బండి నడుస్తాది.”

పెళ్ళై నలభై ఏళ్ళవుతోంది. మా బావ చెప్పులకి ఇప్పటికీ ఎడమ మడమే ముందు అరుగుతుంది.