మచ్చు

సీజను లెక్కలు ముగిసేసరికి షావుకారుకు నడుం పట్టేసింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ లేరు. ఫోన్లో ఓ ప్రకటన కనబడింది: 'మసాజ్. గుంటూరులో ఎక్కడికైనా వస్తాం. 24 గంటలూ.' పక్కన నవ్వుతున్న అమ్మాయి ఫొటో. అడ్రసు లేదు, వాట్సాప్ నంబరు ఒక్కటే. ఆయనకు అదే చాలింది.

అదే మనిషి మిర్చి యార్డులో పైన కనబడే ఎర్రటి తేజ కాయల్ని చచ్చినా నమ్మడు. టిక్కీ బస్తా మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెళ్లతో తీస్తాడు. కాయను చెవి దగ్గర ఆడిస్తాడు. గింజ గలగలమనకపోతే "తేమ ఉందయ్యా" అంటాడు. రెండు తాలుకాయలు కనబడితే ధర తెగ్గోస్తాడు. బేరం కుదిరినా కుదరకపోయినా తీసిన కాయలు మచ్చు కింద కొట్లోనే ఉండిపోతాయి. కిందటేడు యర్రగొండపాలెం వైపు రైతు ఒకాయన, కొడుకు పక్కన కూర్చుని బస్తా మూతి కుట్టుకుంటుంటే, ఆ కాయలు తిరిగి పోయించమని అడిగాడు.

"మచ్చు తీసినాక మళ్లీ బస్తాలో పోస్తారటయ్యా!" అని షావుకారు నవ్వేశాడు.

వాట్సాప్‌లో మగగొంతు పలికింది, సగం హిందీలో. రిజిస్ట్రేషనుకు 500 అంది. తర్వాత డిపాజిట్ 3,000. ఆపైన అమ్మాయి సెక్యూరిటీకి 8,000. "అన్నీ వాపస్ వచ్చేవే సార్" అన్నప్పుడల్లా ఈయన ఫోన్‌పే కొట్టాడు. అర్ధరాత్రి దాటాక అనుమానం వచ్చి డబ్బు తిరిగివ్వమన్నాడు. "ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ 11,500 వచ్చేస్తాయి" అందా గొంతు. కొట్టాడు. ఇంకో 11,500 పోయాయి.

పొద్దున్నే గుమాస్తాను పిలిచి, ఎవరో తెలిసినాయన సంగతన్నట్టు చెప్పాడు.

"డబ్బు రావడానికి పిన్నెందుకండీ? పిన్ను కొడితే పోవడమే" అన్నాడు గుమాస్తా. "ముందే ఆ ఫొటో గూగుల్లో వేసి చూస్తే నాలుగూళ్లలో నాలుగు పేర్లతో తగిలేదేమో. అడ్రసు చెప్పకుండా అడ్వాన్సు అడిగినప్పుడే వదిలేయాల్సింది. ఇప్పటికైనా 1930కి ఫోన్ చెయ్యమనండి. తొందరగా చెబితే, డబ్బు ఇంకో ఖాతాకు పోకముందే ఆపించే వీలుంటుంది."

"దేనికి కట్టావని అడిగితేనో?"

"ఉన్నది చెప్పమనండి. జనం సిగ్గుపడి చెప్పుకోరనేగా వాళ్ల ధీమా! ఊరుకుంటే రేపు పోలీసులమంటూ వాళ్లే ఫోన్ చేసి, కేసు పెడతామని ఇంకా గుంజుతారు."

గుమాస్తా కాటా దగ్గరికి వెళ్లాడు. షావుకారు 1, 9 నొక్కి ఆగాడు. చెరిపేసి, రాత్రి నంబరుకే ఫోన్ చేశాడు.

"బాబ్బాబూ, మొత్తం వద్దులే. సగమైనా తిరిగిచ్చెయ్."

ఈసారి హిందీ లేదు.

"మచ్చు తీసినాక మళ్లీ బస్తాలో పోస్తారా, షావుకారు గారూ! మా నాయనకు మీరేగా చెప్పింది?"